రెండు గదులు, ఇద్దరు వియ్యపురాళ్ళు

ఆ పొద్దున చిట్టి వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికి ప్రయోగం చూపించాలి, పన్నెండింటికి పరీక్షాధికారి చేత సంతకం పెట్టించుకోవాలి, ఒంటిగంటకి ఇంటికెళ్ళి కాళ్ళు చాపుకుని పడుకోవాలి. ఆరేళ్ళ పరిశోధన ఆ ఒక్క సంతకం మీద వేలాడుతోంది. ఈ రోజు తప్పితే ఇక గడువు లేదు.

ప్రయోగం ఏమిటంటే, నడవా మధ్యగదిలో ఒక యంత్రం వెలుగు కణాలను జంటగా పుట్టించి, ఒకదాన్ని ఈ చివరి గదికి, రెండోదాన్ని ఆ చివరి గదికి పంపుతుంది. గంట మోగినప్పుడల్లా ప్రతి గదిలోనూ మీటను కుడికో ఎడమకో తిప్పాలి. ఎర్రదీపమో పచ్చదీపమో వెలుగుతుంది. రెండు గదుల రంగులు ఎంత కలిశాయో లెక్క కడితే ఒక అంకె వస్తుంది. ముందే కూడబలుక్కుని బయల్దేరిన జంటకైతే ఆ అంకె రెండు దాటదు. ఈ కణాలు మాత్రం కబురూ కాకరకాయా లేకుండానే దాటేస్తాయి. అయితే ప్రకృతి వాటిని కూడా మూడు దాకా పోనివ్వదు. షరతు ఒక్కటే, ఈ గది మాట ఆ గదికి చేరకూడదు.

తొమ్మిదింటికి, మీటలు తిప్పే పెట్టె కాస్తా కాలి కూర్చుంది.

"ఇద్దరు మనుషుల్ని కూర్చోబెట్టి నాణెం ఎగరేయిద్దాం. కానీ మన దగ్గర గంటసేపు నోరు కట్టుకునేవాళ్ళెవరమ్మా?" అన్నాడు ప్రొఫెసర్.

చిట్టికి చప్పున తట్టింది. తన తల్లికీ అత్తగారికీ ఆరు నెలలుగా మాటల్లేవు. అరువిచ్చిన కుక్కర్ గాస్కెట్ లేకుండా తిరిగొచ్చిందని మొదలైన గొడవ అది. ఒకరున్న చోటికి ఇంకొకరు రారు. మనవడిని కూడా వంతులేసుకుని చూస్తున్నారు.

"ఆవిడ మొహం చూడక్కర్లేదంటేనే వస్తా," అంది తల్లి ఫోన్లో.

"చూడక్కర్లేదమ్మా. ప్రయోగమే అది."

అత్తగారూ అదే మాటన్నారు. ఇద్దరినీ చెరో గదిలో కూర్చోబెట్టి చిట్టి ఓపిగ్గా చెప్పింది. బొమ్మ పడితే మీట ఎడమకి, బొరుసు పడితే కుడికి, వెలిగిన రంగు పుస్తకంలోకి. అంతటితో ఊరుకోక, "రెండు గదుల్లోనూ బొరుసైతే రంగులు వేరుగా రావాలి, మిగతా అన్నిసార్లూ ఒకటే రావాలి. ఎంత అలా వస్తే నాకంత మంచిది," అని కూడా అంది.

గంట రెండు వందల సార్లు మోగింది. లెక్క కడితే నాలుగొచ్చింది.

"నాలుగా! ప్రకృతి గీత దాటేశాం!" అని ప్రొఫెసర్ గంతేసి డైరెక్టర్‌కి ఫోన్ చేశాడు. పది నిమిషాల్లో నడవా నిండా జనం. ఒకాయన అప్పుడే బోర్డు మీద పాత సూత్రాలన్నీ చెరిపేస్తున్నాడు. పరీక్షాధికారి మాత్రం కళ్ళజోడు తుడుచుకుంటూ కూర్చున్నాడు.

"రెండు వందలకి రెండు వందలా? యంత్రం కూడా అప్పుడప్పుడూ తుమ్ముతుందమ్మాయ్. వీళ్ళు కబుర్లాడుకున్నారు."

"వీళ్ళా! వీళ్ళు మాట్లాడుకున్నారని తేలితే నా డాక్టరేట్ వెనక్కి తీసుకోండి సార్!"

"ఇంకా ఇవ్వలేదుగా."

చిట్టి పౌరుషంగా ఆయన్ని తల్లి గదిలోకి తీసుకెళ్ళింది. తల్లి బుద్ధిగా నాణెం పట్టుకుని కూర్చుంది. బల్ల మీదున్న ఆవిడ చేతిసంచీ ఉన్నట్టుండి మాట్లాడింది.

"వదినగారూ, గంట మోగట్లేదేంటి? అన్నట్టు, ఆ కుక్కర్ గొడవ మీ అమ్మాయి ఇంకా నమ్ముతూనే ఉందా?"

చిట్టి సంచీ తెరిచింది. లోపల ఫోన్ వెలుగుతోంది, అత్తగారి పేరుతో.

"ఏం చెయ్యమంటావే! కలిసుంటే రోజూ ఇద్దరి మీదా పిల్లాణ్ణి వదిలేసి పోయేవారు. గొడవపడ్డాకేగా వంతులొచ్చి, మూడేసి రోజులు నడుం వాల్చింది," అంది తల్లి.

"మరి ఆ రంగులు?"

"అలా వస్తే మంచిదని నువ్వే అన్నావుగా. దీపం ఏది వెలిగితే ఏంలే అని, ఎవరికేం పడిందో ఫోన్లో చెప్పుకుని నువ్వన్నట్టే రాసేశాం..."

అంతలో అత్తగారు నడవా దాటి వచ్చారు. "మధ్యమధ్య ఒకటి రెండు తప్పులు వెయ్యండని మొత్తుకున్నాను. వింటేనా ఈవిడ!"

"నేనా? పిల్ల బతుకు, ఒక్కటి కూడా తప్పకూడదన్నది మీరు కాదూ?"

"మీ చాదస్తం నా నెత్తిన రుద్దకండి! ఆ గాస్కెట్ కూడా నిజంగా పారేసింది మీరే!"

"ఏంటీ! ఇక మీ గడప తొక్కితే ఒట్టు!"

రెండు తలుపులూ ఒకేసారి ధడేలుమన్నాయి. పరీక్షాధికారి ఆ చప్పుడు శ్రద్ధగా విన్నాడు. వెళ్ళి ఇద్దరి ఫోన్లూ అడిగి తీసుకుని జేబులో వేసుకున్నాడు.

"ఇప్పుడు మొదలుపెట్టమ్మా," అన్నాడు.

గంట మళ్ళీ రెండు వందల సార్లు మోగింది. ఈసారి రెండు పాయింట్ ఏడు. ప్రొఫెసర్ డైరెక్టర్‌కి ఇంకో ఫోన్ చేశాడు, ఈసారి గొంతు తగ్గించి.

పరీక్షాధికారి సంతకం పెట్టి, కలం మూసి, చిట్టిని ఒక్కటే అడిగాడు. "వీళ్ళు నెలాఖరు దాకా రాజీపడకుండా చూడగలవా? మా ప్రయోగశాలలో కూడా పెట్టె కాలిపోయింది."