నల్ల సిరా, ఎర్ర సిరా

ఆ శుక్రవారం పొద్దున మాలతి వేసుకున్న పథకం చాలా చిన్నది. భర్త ఆఫీసు వాళ్ళు భోజనానికి వచ్చేలోగా వంట ముగించాలి, వాళ్ళకు వడ్డించి సాగనంపాలి, సాయంత్రం తలుపు వేసుకుని అద్దం ముందు నిలబడి పాఠం చెప్పుకోవాలి. ఆదివారం, అంటే అక్కడ శుక్ర, శని సెలవుల తర్వాత బడులు తెరిచే రోజున, ఆమెకు ఒక స్కూల్లో డెమో క్లాసు ఉంది. ఎమ్మే హిస్టరీ చదివి, నిజామాబాద్‌లో కాలేజీ పిల్లలకు పాఠాలు చెప్పిన మనిషి, పెళ్ళయి ఖతార్ వచ్చిన దగ్గర్నించి ఫరీజ్ బిన్ మహమూద్‌లోని రెండు గదుల ఫ్లాటులో కుక్కరుకు తప్ప ఎవరికీ ఏమీ చెప్పలేదు. అదైనా మూడు కూతలకు మించి వినేది కాదు.

ఈ ఉద్యోగం ఆమెకు కావాలి. జీతం సంగతి తర్వాత. పొద్దున లేచి చీరకు పిన్ను పెట్టుకుని, నగేష్ భార్యగా కాకుండా, ఉత్త మాలతిగా ఒక గుమ్మం దాటి లోపలికి వెళ్ళాలని ఆమె కోరిక.

డెమోకు ఇచ్చిన పాఠం మధ్యయుగపు ఇంగ్లండు. ఫ్రెంచి మాట్లాడే నార్మన్లు వచ్చి ఆ దేశాన్ని గెలుచుకున్నాక, పెత్తనం చేసేవాళ్ళ మాటలు చాలావరకు ఫ్రెంచి నుంచి వచ్చిపడ్డాయి: బేరన్, ఛాన్సలర్, మార్షల్. ఒళ్ళు వంచేవాళ్ళ మాటలు చాలావరకు పాత ఇంగ్లీషువే మిగిలాయి: షెపర్డ్, మిల్లర్, బేకర్. మాలతి ముషైరిబ్ బజారు దగ్గర దళసరి అట్ట కొనుక్కొచ్చి కార్డులుగా కత్తిరించింది. ఫ్రెంచి మాటలు ఎర్ర సిరాతో, ఇంగ్లీషు మాటలు నల్ల సిరాతో, పాతకాలపు మెలికల అక్షరాల్లో రాసి, అంచుల వెంట తీగలూ ఆకులూ వేసింది. పిల్లలకు తలా ఒక కార్డు ఇవ్వాలి. ఎర్ర కార్డుల వాళ్ళు కూర్చోవాలి, నల్ల కార్డుల వాళ్ళు వాళ్ళకు వడ్డించాలి. కాసేపటికి నల్ల కార్డుల పిల్లలకు ఒళ్ళు మండుతుంది. పాఠం అప్పుడు మొదలుపెట్టాలి. అదీ ఆమె ఎత్తు.

సిరా ఆరాలని కార్డులను భోజనాల బల్ల మీద పరిచి స్నానానికి వెళ్ళింది. ఈ కథలో ఆమె చేసిన తప్పు అదొక్కటే.

నగేష్ పెరుగూ, కూల్‌డ్రింకులూ పట్టుకుని వచ్చి బల్ల చూశాడు. మొన్నామధ్య హోటల్లో జరిగిన కంపెనీ డిన్నరులో ప్రతి కుర్చీ ముందూ ఇలాంటి కార్డే ఉంది. సీనియర్ సూపర్‌వైజరు పోస్టు కోసం మేనేజరును భోజనానికి పిలిచిన రోజున, భార్య అడక్కుండానే ఇంత పని చేసిందంటే అతనికి కళ్ళు చెమర్చినంత పనైంది. తనకు తెలిసిన మాటల్లోకెల్లా బరువుగా ఉన్న 'బేరన్'ను మేనేజరు కుర్చీ ముందు పెట్టాడు. తనకు 'ఛాంబర్లిన్' ఉంచుకున్నాడు. నిసార్ అహ్మద్‌కు 'బేకర్'. మేనేజరు గారి భార్యకు మాత్రం బాగా వెతికి, అన్నిటికంటే ఎక్కువ తీగలున్న కార్డు పెట్టాడు. దాని మీద 'స్వైన్‌హెర్డ్' అని ఉంది. మిగిలిన కార్డులను గుత్తులుగా బల్ల మధ్యలో అలంకరించాడు.

జుమ్మా నమాజు ముగించుకుని నిసార్ అహ్మద్ వచ్చాడు. ఆఫీసులో నగేష్ పక్క సీటు, ఊరు కామారెడ్డి. వెనకే మేనేజరు తిరుమలరావు, ఆయన భార్య సునంద వచ్చారు. స్నానం నుంచి నేరుగా వంటింట్లోకి వెళ్ళిన మాలతి ఇంకా అప్పడాలు వేయిస్తోంది.

"ఏవయ్యా నగేషూ, నన్ను బేరన్ని చేసేశావే!" అన్నాడు తిరుమలరావు కుర్చీ లాక్కుంటూ.

"మీరు కాకపోతే ఇంకెవరండీ, సార్!" అన్నాడు నగేష్. ఇంట్లో 'వచ్చిండు, పోయిండు' అనే మనిషి మేనేజరు ఎదుటపడితే నిన్ననే బెజవాడ నుంచి వచ్చి బస్సు దిగినట్టు మాట్లాడతాడు.

"మరి నాదేంటో?" అంటూ సునంద ఫోను తీసి వెతికింది. తెరమీద ఒక మనిషి, చేతిలో ఒక కర్ర, చుట్టూ ఒక మంద. పక్కనున్న నిసార్ అహ్మద్ తొంగిచూసి, "తౌబా!" అనుకుని చూపును పెరుగు గిన్నె మీదికి మళ్ళించాడు.

"పందుల కాపరా?" అంది సునంద. గొంతు పెంచలేదు. పెంచితే బాగుండుననిపించేలా అంది.

అప్పడాల పళ్ళెంతో వచ్చిన మాలతికి బల్ల మీద తన పాఠం కనిపించింది. ఛాన్సలర్ మీద మంచినీళ్ళ గ్లాసు ఉంది.

"ఇవి నావి, ఆదివారం..." అనబోయింది.

"ఆటండీ, మేడమ్!" అని నగేష్ అడ్డుపడ్డాడు. చెవులు ఎర్రబడ్డాయి. "మాలతి కనిపెట్టింది. మీకొచ్చిన కార్డు ఉందే, అదే అసలైనదండీ. ఆ కార్డు వచ్చినోళ్ళే ఆఖరికి గెలుస్తారు!"

"ఎట్ల గెలుస్తరు వదినె? జర రూల్స్ చెప్పరాదూ" అన్నాడు నిసార్ అహ్మద్ అమాయకంగా.

ఉన్న మాట చెప్పడం తప్ప మాలతికి దారి లేదు. ఎర్ర కార్డుల వాళ్ళు కూర్చోవాలి, నల్ల కార్డుల వాళ్ళు వడ్డించాలి అంది. సునంద కార్డు నల్లది. ఆమె ఇంకా నెమ్మదిగా, "అంటే నేను లేవాలా?" అంది.

"ఇవాళ ఉల్టా అండీ! ఎర్రవాళ్ళే వడ్డించాలి!" అన్నాడు నగేష్.

"బేరన్ వడ్డించడమేంటయ్యా, నాన్సెన్స్!" అన్నాడు తిరుమలరావు. బేరన్‌గిరీ వచ్చి పావుగంట కాలేదు గానీ అప్పుడే ఒంటబట్టింది. నగేష్ సాయం పట్టబోతే, "నువ్వు కూర్చో, మాట్లాడాలి" అని చెయ్యి పట్టి లాగాడు. నిసార్ అహ్మద్ అప్పటికే బగారా అన్నంలో చెయ్యి పెట్టేశాడు. కార్డు లేని మనిషి ఒక్కతే ఉంది గనుక వడ్డన ఆమే చేసింది.

అయితే సునందను చల్లబరచాలిగా. గుత్తివంకాయ వేస్తూ మాలతి ఒక్కొక్క మాట వెనకాల కథ చెప్పడం మొదలుపెట్టింది. మార్షల్ అంటే మొదట్లో గుర్రాల పనివాడేనని, ఛాంబర్లిన్ రాజుగారి పడకగది చూసుకునేవాడని చెప్పింది. అందరూ పడిపడి నవ్వారు, నగేష్ కాస్త తక్కువగా నవ్వాడు. పొలంలో మాట్లాడే భాష ఒకటి, కోర్టులో తీర్పు చెప్పే భాష ఒకటి అయితే, కేసు వేసినవాడికి తాను గెలిచాడో ఓడాడో కూడా ఇంకొకరు చెప్పాల్సివచ్చేదంది. గరిటె చేతిలోనే ఉండిపోయింది. చాలాకాలానికి తన గొంతు తనకే వినిపించింది. ఆ ఊపులో స్కూలు పేరు, డెమో సంగతి, పిల్లల్ని రెచ్చగొట్టి పాఠం ఎత్తుకునే ఉపాయం, అన్నీ చెప్పేసింది.

"భలే ఉందే! ఆ డెమోకి ఎవరైనా వెళ్ళొచ్చా?" అంది సునంద.

"ఎవరైనా వెళ్ళొచ్చండీ!" అన్నాడు నగేష్.

"నేనూ బీఎడ్ చేశాలే. ఊరికే కూర్చుని గోళ్ళకి రంగేసుకుంటున్నా" అని నవ్వి, "అవునూ, ఆట గెలిచింది నేనేగా? నా బహుమతేది?" అంది.

నగేష్ ఒక్క క్షణం ఆలోచించాడు. ఆ క్షణం కూడా ఆలోచించకుండా ఉండాల్సింది. కార్డులన్నీ పోగుచేసి, ఖాళీ ఖర్జూరాల డబ్బాలో సర్ది, రెండు చేతులతో అందించాడు. మాలతి చూసిన చూపుకు అతను బల్ల కింద దణ్ణం పెట్టాడు.

వాళ్ళు లిఫ్టెక్కగానే మాలతి, "నా డెమో ఏం గావాలె?" అంది.

"మళ్ల రాస్కోరాదే! అట్టముక్కలే గదా. ఆమె మొఖం సూసినవా? నా నౌకరి పోతుండె ఇయ్యాల."

శనివారమంతా కూర్చుని మాలతి మళ్ళీ రాసింది. ఈసారి తీగలు వెయ్యలేదు.

ఆదివారం స్కూలు వరండాలో తన వంతు కోసం కూర్చుంటే, మూసిన తలుపు లోపల్నుంచి పిల్లల అరుపులు వినిపించాయి. 'మేమే ఎందుకు వడ్డించాలి?' అని ఇంగ్లీషులో గోల. మాలతి లేచి నిలబడింది. తలుపు తెరుచుకుంది. ఖర్జూరాల డబ్బా, దాని వెనకాల సునంద.

"అయ్యో మాలతీ, నువ్వూ వచ్చావా? ఆయన ఊరికే ఓ రాయి వేసి చూడమంటే వచ్చాను. నీ కార్డులు ఎంత పనికొచ్చాయో తెలుసా! థాంక్సమ్మా" అంది ఆప్యాయంగా. ఆమె ఆప్యాయతలో కల్తీ లేదు. అదే భరించలేని సంగతి.

లోపల అదే పిల్లలు. మాలతి కార్డులు తీయగానే ముందు బెంచీ పిల్ల, 'మిస్, ఇది ఇందాకే ఆడాం' అంది. వెనక కూర్చున్న కోఆర్డినేటరు కళ్ళజోడు సర్దుకుని, మీరు మిసెస్ సునంద దగ్గర ట్రైనింగ్ తీసుకున్నారా అని ఎంతో మర్యాదగా అడిగింది.

"లేదు. ఆవిడే మా ఇంట్లో భోంచేశారు" అంది మాలతి. నిజమే గానీ, ఆ గదిలో ఆ జవాబు ఎవరికీ ఏ విధంగానూ పనికిరాలేదు. సొంత ఆలోచనలున్న టీచర్ల కోసం తాము వెతుకుతున్నామని కోఆర్డినేటరు చెప్పింది.

ఆ సాయంత్రం నగేష్ చెప్పులు విప్పకముందే మొదలుపెట్టాడు. "సార్ మస్తు ఖుష్ ఉన్నడు! మేడమ్‌కు నౌకరి వచ్చిందట. నాకు సీనియర్ పక్కా అన్నడు."

"నాకు రాలే" అంది మాలతి.

"పోతే పోనీ. ఇంట్ల ఒగలకు మంచైతే ఇద్దరికి అయినట్టే గదా" అని అతను బల్ల దగ్గర కూర్చుని, ఎప్పటిలాగే అన్నం వచ్చేవైపు కంచాన్ని కాస్త జరిపాడు. "ఆఁ, ఇంకో మాట. వచ్చే వారం పాఠానికి గూడ నిన్నే కార్డులు రాసియ్యమన్నది మేడమ్. సరే అన్న. ఏం పాఠమో నీ ఫోన్ల పెట్టిందట, సూడు."

మాలతి పొయ్యి కట్టేసి ఫోను చూసింది. మధ్యయుగపు ఇంగ్లండు, రెండో పాఠం: రైతుల తిరుగుబాటు.

ఆమె దాన్ని రెండుసార్లు చదివింది. కొంగుకు చేతులు తుడుచుకుంది. వంటింట్లో దీపం ఆర్పి, వచ్చి అతనికి ఎదురుగా ఉన్న కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఈ పాఠానికి కార్డులు అక్కర్లేదండి" అంది, అతను మేనేజరు ముందు మాట్లాడే భాషలో.

"మరి అన్నం?" అన్నాడు నగేష్.

ఆ పూట ఆ బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళు ఇద్దరు, వడ్డించేవాళ్ళు ఎవరూ లేరు.