పగలు వెలిగే లైట్లు

ఆ ఉదయం అనుకున్నది చాలా చిన్న సంగతి. కొత్త ఉద్యోగంలో చేరుతున్న కూతురు మొదటిసారి ఒంటరిగా కారు నడుపుకుంటూ వెళుతుంది. తండ్రి గుమ్మంలో నిలబడి చెయ్యి ఊపుతాడు. వారం కిందట భోజనాల దగ్గర ఆయనే ఇచ్చిన మాట ఇది. ఇచ్చిన దగ్గరనుంచీ ఆయనకు ముద్ద దిగడం లేదు. దారిలో కొండ కింద పెద్ద సొరంగం ఉంది. లారీలన్నీ అందులోంచే పోతాయి.

ఆయన లిఫ్టుల ఇన్‌స్పెక్టరు. ముందు బ్రేకు బిగించు, తరువాతే చెయ్యి పెట్టు అన్నది ఆ పనిలో మొదటి పాఠం. అది ఎంతగా ఒంటబట్టిందంటే, కుర్చీ ఎక్కి బల్బు మార్చాలన్నా ముందు కుర్చీ కాళ్ళకు అడ్డం పెట్టేవాడు. ఆ పొద్దున కూడా కారు స్టార్టు చేసి, హ్యాండ్ బ్రేకు గట్టిగా లాగి, వెనక చక్రాల వెనకా ముందూ ఇటుకలు పెట్టి మరీ తనిఖీకి దిగాడు. ముందుకొచ్చి చూస్తే, పగటిపూట వాటంతటవే వెలగాల్సిన చిన్న లైట్లు రెండూ వెలగడం లేదు. ఇన్నేళ్ళూ స్టీరింగు వెనక కూర్చున్నాడే గాని, నడుస్తున్న తన బండిని ముందునుంచి చూసిన పాపాన పోలేదు. బాధపడాల్సింది పోయి ఆయన గుండె కాస్త తేలికపడింది. లైట్లు లేని బండిని సొరంగంలోకి ఎవరు పంపుతారు?

"నన్నొకసారి చూడనీ నాన్నా" అంటూ కూతురు వచ్చింది.

"నువ్వు కాఫీ తాగమ్మా. బండి సంగతి నీకేం తెలుసు" అన్నాడు ఆయన.

తరువాత భార్యను బండి ముందు నిలబెట్టి, తాను లోపల కూర్చుని మీటలన్నీ తిప్పాడు. ఆవిడ వెలిగాయంది, ఆరిపోయాయంది, మళ్ళీ వెలిగాయంది. లైట్ల అద్దం మీద ఎండ పడుతోందని, మధ్యలో మబ్బు అడ్డొస్తోందని ఇద్దరికీ తట్టలేదు. ఎక్కడో వైరు వదులైందని ఆయన తేల్చేశాడు.

ఇంతలో పక్క వాటాలోంచి బావమరిది నోట్లో బ్రష్షుతోనే దిగాడు. ఫ్రిజ్జులు అమ్ముతాడు. రిపేరు చేయడం రాదు గాని, రిపేరు గురించి మాట్లాడడం బాగా వచ్చు. ఫ్యూజు పోయుంటుంది బావా అని, ఫ్యూజుల పెట్టె మూత తీసి, దాని మీదున్న బొమ్మ చూస్తూ ఇక్కడివి అక్కడ, అక్కడివి ఇక్కడ పెట్టించాడు. మూత తలకిందులుగా పట్టుకున్నాడన్నది వేరే సంగతి. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, అప్పటిదాకా శుభ్రంగా వెలుగుతున్న పెద్ద లైట్లు కూడా ఆరిపోయాయి. హారన్ మూగబోయింది. జబ్బు ముదిరిందని బావమరిది బండి లాక్కెళ్ళే లారీకి ఫోను చేశాడు.

లారీ వచ్చి సందుకు అడ్డంగా నిలబడింది. దాని వెనక ఆఫీసులకు బయల్దేరిన కార్లు ఇరుక్కున్నాయి. వాటిలోంచి దిగినవాళ్ళంతా చుట్టూ చేరి తలా ఒక జబ్బు పేరు చెప్పారు.

"మామయ్య బండిలో నేనే దింపుతాలే తల్లీ" అన్నాడు ఇన్‌స్పెక్టరు. ఆ గొంతులో విచారం కంటే సంతోషమే ఎక్కువ వినిపించి, భార్య ఆయన వంక ఒకసారి చూసింది.

"ఇవాళ దింపితే రేపూ నువ్వే దింపుతావు నాన్నా" అంది కూతురు. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆయన తల తిప్పుకున్నాడు.

కొక్కెం తగిలించబోతూ లారీ డ్రైవరు హ్యాండ్ బ్రేకు దించమన్నాడు. కూతురే వెళ్ళి కూర్చుని, ఇంజను స్టార్టు చేసి, బ్రేకు దించింది. ముందున్న చిన్న లైట్లు రెండూ తెల్లగా వెలిగాయి. చుట్టూ ఉన్న వైద్యులంతా ఎవరి కార్లలోకి వాళ్ళు సర్దుకున్నారు.

"బ్రేకు వేసి ఉన్నంతసేపూ ఇవి వెలగవు నాన్నా. పొద్దున చెబుదామనే వచ్చాను."

"నీకెలా తెలుసు?"

"కాలేజీ రోజుల్లో సాయంత్రాలు బస్ స్టాపులో నీకోసం నిలబడేదాన్ని కదా. దూరంనుంచి ఆ లైట్లు చూసే మన బండి అనుకునేదాన్ని. నువ్వు ఆగి బ్రేకు లాగగానే ఆరిపోయేవి."

బండిలో కూర్చున్న ఆయనకు ఎదురుచూపు ఎలా ఉంటుందో ఇన్నాళ్ళూ తెలియలేదు. ఇకనుంచి తెలుస్తుంది. కూతురు ఈలోగా మూతను తిన్నగా పట్టుకుని ఫ్యూజులను వాటి ఇళ్ళకు చేర్చింది. పెద్ద లైట్లూ హారనూ తిరిగొచ్చాయి. లారీ పక్కకు తగ్గి దారిచ్చింది.

బండి మాత్రం కదల్లేదు. ఆమె రెండుసార్లు ప్రయత్నించి, కిటికీలోంచి తల బయటపెట్టి తండ్రి వంక చూసింది. అందరూ చూస్తుండగా ఇన్‌స్పెక్టరు నేలమీద మోకాళ్ళూని, తాను పెట్టిన ఇటుకలు తానే ఒక్కొక్కటీ లాగాడు. చివరిది లాగడానికి కొంచెం ఎక్కువసేపు పట్టింది.

బండి మలుపు తిరిగేదాకా ముందు లైట్లు దివ్యంగా వెలుగుతూనే ఉన్నాయని ఆయన లోపలికొచ్చి భార్యకు చెప్పాడు. వెనక నిలబడ్డ మనిషికి అవెలా కనిపించాయని ఆవిడ అడగలేదు.