నలభై మూడు కేసుల్లో ఒకే నంబరు

ఆ సోమవారం ఉదయం రికార్డుల గది హెడ్ కానిస్టేబుల్ పెట్టుకున్న పని చిన్నదే. పదకొండింటికి పై అంతస్తు హాల్లో కార్పొరేషన్ కమిటీకి కొత్త సాఫ్ట్‌వేర్ చూపిస్తారు. వెనక వరుసలో కూర్చుని చూసి రావాలి. నగరంలో తేలని తుపాకీ కేసులు నలభై మూడు. వాటిని కంప్యూటరులోకి ఎక్కిస్తే ఏ కేసుకు ఏ కేసుతో సంబంధముందో అదే గీతలు గీసి చూపిస్తుందట. నచ్చితే నగరం కొంటుంది.

పదిహేను రోజులు కూర్చుని ఎక్కించింది ఆయనే. అందులో ఒకటి దర్జీ ఆవిడ కొడుకుది. మూడేళ్ళ కిందట పని నుంచి ఇంటికొస్తున్న పిల్లాణ్ణి ఎవరో కాల్చేశారు. ఆవిడ ప్రతి సోమవారం కౌంటరు దగ్గరికొచ్చి, "ఏమైనా తెలిసిందా అన్నయ్యా?" అంటుంది. లేదని చెప్పడం ఆయన ఉద్యోగంలో భాగమైపోయింది. ఆ రోజు మాత్రం, "ఈ మెషినొస్తే తేలిపోతుందమ్మా. సాయంత్రం ఓసారి రా," అన్నాడు. అన్నాక భయపడ్డాడు.

హాల్లో కంపెనీ ఇంజనీరు మీట నొక్కాడు. తెర మీద నలభై మూడు చుక్కలు లేచాయి. వాటి నుంచి బయల్దేరిన గీతలన్నీ వెళ్ళి ఒకే ఫోన్ నంబరు మీద వాలాయి.

"అన్ని కేసుల్లోనూ వీడే ఉన్నాడు సార్," అన్నాడు ఇంజనీరు కళ్ళు నులుముకుంటూ. తమ సరుకు అంత బాగా పనిచేస్తుందని పాపం అతనికీ తెలియదు.

"చెయ్యండి ఫోను," అన్నాడు కమిటీ చైర్మన్.

వెనక వరుసలో హెడ్డు జేబు మోగింది.

అసలు సంగతి ఇంతే. సాక్షి ఫోన్ నంబరు లేకపోతే ఆ సాఫ్ట్‌వేర్ తర్వాతి పేజీకి పోనివ్వదు. పాత ఫైళ్ళలో నంబర్లెక్కడివి? కాగితంలో ఎక్కడ ఖాళీ కనిపించినా తన నంబరు వేసేయడం హెడ్డుకు ఇరవై ఏళ్ళ అలవాటు. ఎవరికేం కావాలన్నా చివరికి తననే కదా అడిగేది! ఆ మాటే చెప్పబోయాడు గానీ, అప్పటికే ఎవరో ఆయన జేబులోంచి ఫోను లాగేశారు.

అది పోలీసు కమిషనర్ చేతిలోకి వెళ్ళింది. సరిగ్గా అప్పుడే హెడ్డు భార్య ఫోన్ చేసింది.

"అమ్మా, నేను కమిషనర్ని. మీవారు సాయంత్రాలు ఇంట్లోనే ఉంటారా?"

భర్త ఎంత చాకిరీ చేస్తాడో పైవాళ్ళకు చెప్పే అవకాశం ఆవిడకు ఇన్నాళ్ళకు దొరికింది. "ఎక్కడండీ! ఒక్కనాడు పెందలాడే వస్తే ఒట్టు. పైగా చొక్కా నిండా ఎర్ర మరకలు. ఎంత ఉతికినా పోవు!"

అవి సాక్ష్యాల పొట్లాలకు సీలు వేసే లక్క మరకలు. ఆ ముక్క ఆవిడ చెప్పలేదు, కమిషనర్ అడగలేదు. హెడ్డు పెనం మీంచి పొయ్యిలో పడ్డాడు. ఆయన్ని పక్క గదిలో కూర్చోబెట్టి తలుపు వేశారు.

కమిషనర్ నలభై మూడు ఫైళ్ళూ తెప్పించి, ఆరు స్టేషన్ల ఇన్‌స్పెక్టర్లను ఒకే బల్ల చుట్టూ కూర్చోబెట్టాడు. "ఈయన ఎక్కడెక్కడున్నాడో అక్షరం వదలకుండా చదవండి." ఏ స్టేషన్ కేసు ఆ స్టేషన్‌దే, పక్కవాడి ఫైలు ముట్టుకోవడం మర్యాద కాదని అంతవరకూ అక్కడి ఆచారం.

మూడింటికి ఒక ఇన్‌స్పెక్టర్ పైకి చదివాడు. "కాల్చినవాడి బండికి వెనక దీపం బదులు ఎర్ర డబ్బా మూత ఉంది..."

"ఆగండాగండి. ఆ మూత నా ఫైల్లోనూ ఉంది!"

"నా దాంట్లో బండి నంబరే ఉంది," అన్నాడు మూడో ఆయన మెల్లగా.

మొదటి ఫైలు దర్జీ ఆవిడ కొడుకుది. ఐదింటికల్లా మనిషి దొరికాడు, తుపాకీ అతని ఇంట్లోనే దొరికింది. హెడ్డును వదిలేశారు.

ఆవిడ వచ్చింది. సంగతి విని ఏడవలేదు. కౌంటరు అంచు పట్టుకుని అడిగింది.

"మెషినే పట్టుకుందా అన్నయ్యా?"

"లేదమ్మా. ఫైళ్ళు చదివారు."

"ఇన్నాళ్ళూ ఎక్కడున్నాయవి?"

ఆయన వెనకనున్న అలమారా చూపించాడు. ఆవిడ నిలబడ్డ చోటికి నాలుగడుగులు.

అదే సమయంలో పై అంతస్తులో కమిటీ, ఒక్కపూటలో మూడు కేసులు తేల్చినందుకు, ఆ సాఫ్ట్‌వేర్ కొనాలని ఏకగ్రీవంగా తీర్మానించింది.