బొంతయ్య పట్టు, నెమలిగారి సభ

ఒక పెద్ద అడవిలో జరిగిన చిన్న కథ చెబుతాను. పొయ్యి మీద అన్నం ఉడికేలోపు అయిపోతుంది. పెద్ద అడవి అన్నానా, నిజానికి అంత పెద్దదేం కాదు. అక్కడివాళ్ళు అలా చెప్పుకుంటారు. అక్కడి కుందేళ్ళ ఇంట్లో పెళ్ళికి వెళ్తే పులుసులో ములక్కాడ కూడా లేదు, గొప్పలు మాత్రం అడవంతా వినబడ్డాయి. సరే, కుందేళ్ళ సంగతి మనకెందుకు? ఆ అడవిలోని బడి గురించి కదా చెప్పాలి.

ఆ బడికో కుస్తీ జట్టుంది. జట్టులో బొంతయ్య అనే కుర్ర ఎలుగుకి వచ్చింది ఒక్కటే పట్టు: వెనకనుంచి నడుం వాటేసుకోవడం. బడిలో వాడికదే ఆఖరి ఏడు. ఈసారైనా కప్పుతో ఇంటికి వెళ్ళాలని వాడి ఆశ. నిరుడు వట్టి చేతులతో వెళితే వాళ్ళమ్మ తేనె దాచేసింది.

తీరా చూస్తే, ఈ ఏడు పోటీల్లో ఆ పట్టే నిషేధించారు. అది పట్టినవాడు ఓడినట్టే. ఈ సంగతి ముందుగా తెలిసింది కుస్తీ నేర్పే దున్న మాస్టారికి.

"అయ్యా, పోటీలకి ముందు పిల్లల్ని కూర్చోబెట్టి రెండు ముక్కలు చెప్పాలండీ," అన్నాడాయన, హెడ్మాస్టరు నెమలిగారితో.

"ముక్కలేమిటయ్యా, సభ పెడదాం!"

"అంత పని లేదండీ. బొంతయ్యని ఇలా పిలిచి..."

"ఇప్పుడే చెప్పేస్తే సభలో ఏం చెబుతావు? నోరు మూసుకో."

దున్న మాస్టారు కొండని ఢీకొట్టగలడు. హెడ్మాస్టరు ఈక కదిలితే మాత్రం వణుకు.

గుమాస్తా నక్క ఓ ఉపాయం చెప్పాడు. "పక్క అడవి బడి హెడ్మాస్టరు ఏనుగుగారిని ముఖ్య అతిథిగా పిలుద్దామండీ. శాలువా కప్పితే మొహమాటపడతారు. పోటీలో వాళ్ళ జట్టు మనవాళ్ళని మెల్లగా తోస్తుంది."

నెమలిగారికి నచ్చింది. కుస్తీ పిల్లలంతా సాధన మానేసి కుర్చీలు మోశారు, మామిడాకులు కట్టారు.

సభ మొదలైంది. దీపం వెలిగించారు. నెమలిగారు పురి విప్పారు, దీపం ఆరింది. మళ్ళీ వెలిగించారు, ఆయన మళ్ళీ విప్పారు. అలా చాలాసేపు గడిచింది. తర్వాత ఏనుగుగారికి శాలువా కప్పారు. అది ఆయన చెవికి సరిపోయింది.

ఏనుగుగారు క్రమశిక్షణ గురించి మాట్లాడారు. నెమలిగారు ఏనుగుగారి గురించి మాట్లాడారు. నక్క ఇద్దరి గురించీ మాట్లాడాడు. చివరికి వందన సమర్పణకి దున్న మాస్టారిని లేపారు.

"పిల్లలూ! ఒరే బొంతయ్యా, నువ్వు జాగ్రత్తగా విను. ఈ ఏడు..."

"మాస్టారూ, ఉప్మా చల్లారిపోతోంది," అన్నారు నెమలిగారు. "ధన్యవాదాలు అనేసి కూర్చోండి."

"ధన్యవాదాలు," అని కూర్చున్నాడు మాస్టారు. ఆ మాట పూర్తయ్యేసరికి బొంతయ్య ఉప్మా దగ్గరున్నాడు.

ఏనుగుగారు వెళుతూ, "సభ అంటే ఇలా ఉండాలి. రేపు పొద్దున్నే మా పిల్లలకి ఇంతకంటే పెద్దది పెడతాను," అన్నారు. నక్క మురిసిపోయాడు.

మర్నాడే పోటీ. దారిలోనైనా చెబుదామంటే, హెడ్మాస్టరుగారి తోక దుమ్ములో పడకుండా ఎత్తిపట్టుకుని నడిచే పని మాస్టారి మీద పడింది. జట్టు ముందు వెళ్ళిపోయింది.

బొంతయ్య గోదాలో నిలబడ్డాడు. అవతలి జట్టు రాలేదు. ఏనుగుగారి ప్రసంగం ఇంకా అవలేదని కబురొచ్చింది.

"ఎదుటివాడు లేడు కాబట్టి నువ్వే గెలిచావు," అని న్యాయనిర్ణేత కొండముచ్చు వాడి చెయ్యి పైకెత్తాడు.

బొంతయ్య సంతోషం పట్టలేకపోయాడు. ఒక్క గెంతులో కొండముచ్చు వెనక్కి చేరి, అతని నడుం వాటేసుకున్నాడు.

"వదలరా వెధవా!" అని తోక వదిలేసి పరిగెత్తుకొచ్చాడు దున్న మాస్టారు. "అది పట్టకూడదురా!"

"మరి సభలో చెప్పలేదేం మాస్టారూ?" అన్నాడు బొంతయ్య, వదలకుండానే.

కొండముచ్చు ఊపిరి కూడదీసుకుని తీర్పు చెప్పాడు. బొంతయ్య ఓడిపోయాడు. కప్పుని రాని జట్టుకి పంపించారు.

నీతి: కప్పు కావాలనుకున్నవాడు పోటీకి వెళ్ళకూడదు.