ఎడమ గోడ మీది నీటిచుక్క

ఆ ఉదయం ఆపరేటర్‌గారి పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికి సినిమా హాలుకు వెళ్ళడం, రిహార్సల్ చూసుకోవడం, పదింటికి వేదిక ఎక్కి పది నిమిషాలు మాట్లాడటం, భోజనం వేళకు ఇల్లు చేరడం.

హాలు కట్టి యాభై ఏళ్ళయిన సందర్భంగా కొత్త యజమాని ఒక ప్రత్యేక ఆట ఏర్పాటు చేశాడు. సినిమాకు ముందు, గోడల నిండా స్పీకర్లున్నాయని చాటుకోవడానికి వేసే అరనిమిషం సౌండ్ ట్రైలర్లు పాతవన్నీ ఆ రోజు వరసగా వేస్తారు. వాటి చరిత్ర చెప్పడానికి, అక్కడే ముప్ఫై ఏళ్ళు ప్రొజెక్టరు నడిపి ఆరేళ్ళ క్రితం రిటైరైన ఆపరేటర్‌గారిని పిలిచారు.

ఆయన గీతల కాగితాల మీద నాలుగు పేజీలు రాసుకున్నాడు. మొదట్లో తెర వెనక ఒక్కటే స్పీకరు ఉండేది కనుక ఎవరూ ఏమీ చాటుకోలేదు. శబ్దం తెర అంచులకు, ఆ తర్వాత గోడల మీదికి వచ్చాక, అది వచ్చిందని జనానికి చెప్పవలసి వచ్చింది. ముందు అక్షరాలు మెరిసే ట్రైలరు, తర్వాత రైలు అడ్డంగా పరుగెత్తేది, ఆ తర్వాత హెలికాప్టరు నెత్తిన తిరిగేది, చివరికి నీటిచుక్క. "కంటికి కనపడనిదాన్ని చూపించడానికి తీసిన సినిమాలు ఇవి" అన్న వాక్యం కింద రెండు గీతలు గీసుకున్నాడు.

"నాన్నా, అక్కడెవరితోనూ గొడవ పెట్టుకోకు" అంది కూతురు, చొక్కా అందిస్తూ.

"నేనెందుకు పెట్టుకుంటానమ్మా? వాళ్ళ పని వాళ్ళు సరిగ్గా చేస్తే."

హాల్లో ఆయన నేరుగా పదో వరసలో ఎడమ గోడ పక్క సీటు దగ్గరికి వెళ్ళాడు. అది భార్య సీటు. పైన గదిలో అద్దం వెనక, మెషీను చప్పుడులో ఆయనకు గోడల శబ్దం వినపడేది కాదు. అందుకే కొత్త సినిమా పడిన ప్రతిసారీ మొదటి ఆటకు ఆవిడ అక్కడ కూర్చునేది. ట్రైలర్లో నీటిచుక్క తెర మీద పడి, ఎడమ గోడ వెంబడి జారుతూ వెనక్కి వెళ్ళి, కుడి గోడ మీదుగా మళ్ళీ తెరను చేరుతుంది. తన పక్కనుంచి చుక్క పోగానే ఆవిడ చెయ్యెత్తేది. కిటికీలోంచి ఆ చెయ్యి చూసి ఆయన నిశ్చింతగా కూర్చునేవాడు. ఆవిడ పోయి పదకొండు నెలలు. ఆ సీట్లో ఆయన కూర్చోవడం ఇదే మొదటిసారి.

అక్షరాలు మెరిశాయి. రైలు పరుగెత్తింది. హెలికాప్టరు తిరిగింది. నీటిచుక్క తెర మీద టప్పుమని పడింది. ఎడమ గోడ మీద ఏమీ లేదు. కాసేపటికి వెనక ఎక్కడో పలికి, కుడి గోడ మీదుగా తిరిగొచ్చింది.

"ఆపండి!" అని ఆయన లేచి నిలబడ్డాడు. "ఎడమ గోడ చచ్చిపోయింది!"

సౌండ్ ఇంజనీరమ్మాయి చేతిలో టాబ్లెట్‌తో పరుగెత్తుకొచ్చింది. "అన్నీ పచ్చ లైట్లేనండీ. ఎడమ గోడకు కూడా సిగ్నల్ వెళ్తోంది, చూడండి."

"చూడ్డానికి రాలేదమ్మా నేను, వినడానికొచ్చాను."

మేనేజరు వచ్చాడు. "తెర కొత్తది, మెషీను కొత్తది, సీట్లు కొత్తవి. నెల్లాళ్ళలో ఒక్క ప్రేక్షకుడూ ఏమీ అనలేదండీ."

"అంటారా? చుక్క పోయేటప్పుడు వాళ్ళంతా ఫోన్లలో తల దూర్చుకుని ఉంటారు. గోడంతా మూగబోతే ఒక్కడికి పట్టలేదు! ఇది సినిమా హాలా, బస్టాండా?"

మేనేజరు గొంతు తగ్గించాడు. "పెద్దవారు, కోప్పడకండి. వినపడంది ఎడమవైపే కదా... ఒకవేళ ఎడమ చెవి ఏమైనా..."

ఆపరేటర్‌గారి ముఖం కందగడ్డ అయింది. మేనేజరు ఆగలేదు. శబ్దాల పండుగ కదా అని యజమాని ముఖ్య అతిథిగా పిలిచిన చెవి డాక్టరు అప్పుడే కారు దిగుతున్నాడు. ఆయన్ని బతిమాలి లాక్కొచ్చి, కూతురికి కూడా ఫోను చేశాడు.

పరీక్ష లాబీలో, బెంచీ మీద జరిగింది. డాక్టరు టార్చి వేసి చెవిలోకి తొంగి చూస్తున్నాడు. గాజు తలుపుల అవతల ఆటకొచ్చిన జనం నిలబడి ఉన్నారు. వాళ్ళకు తెలిసింది ఇంతే: లోపల శబ్దం మోగింది, ఒక ముసలాయన చెవి పట్టుకుని డాక్టరు ముందు కూర్చున్నాడు.

"ఆ సౌండుకి చెవి పోయిందట" అన్నాడు ముందున్నవాడు.

"రెండూనా?" అన్నారు వెనకనుంచి.

వరస చివరికి చేరేసరికి చెవులు పోయినవాళ్ళు ముగ్గురయ్యారు. ఒకావిడ పిల్లలిద్దరినీ తీసుకుని వెళ్ళిపోయింది. నలుగురు కుర్రాళ్ళు మాత్రం అంత గొప్ప సౌండైతే ముందు వరసే కావాలని పట్టుబట్టారు. మేనేజరు బయటికొచ్చి, "ఎవరికీ ఏమీ కాలేదు, దయచేసి భయపడకండి" అని మైకులో చెప్పాడు. అప్పటిదాకా భయపడనివాళ్ళు కూడా భయపడ్డారు. ఎదురు మందుల షాపులో దూది అయిపోయింది.

"ఈయన చెవులు నా చెవులకన్నా బాగున్నాయి" అన్నాడు డాక్టరు.

"విన్నారా? లేక మీ చెవులు కూడా చూపించుకుంటారా?" అన్నాడు ఆపరేటర్‌గారు మేనేజరుతో.

మేనేజరుకు కూడా రోషం వచ్చింది. "సరేనండీ, గోడే పనిచెయ్యట్లేదు. కానీ మేం మార్చనిది ఒక్క గోడల వైరింగే. అది మీ చేత్తో వేసిందేగా?"

"నా వైరింగా!" ఆపరేటర్‌గారు ఉపన్యాసం కాగితాలు పట్టుకుని బెంచీ మీదనుంచి లేచాడు. "ఇరవై రెండేళ్ళు మా ఆవిడ ఆ గోడ పక్క సీట్లో కూర్చుని చెయ్యెత్తింది. ఒక్క ఆట తప్పలేదు. అంటే మా ఆవిడ అబద్ధమా? ఇప్పుడే విప్పించండి గోడ. తప్పు నాదైతే ఈ ఉపన్యాసం చింపేసి, మళ్ళీ ఈ గుమ్మం తొక్కను."

కూతురు ఆయాసపడుతూ వచ్చింది. "నాన్నా, పొద్దున నేనేం చెప్పాను?"

"నువ్వుండమ్మా. ఇది మీ అమ్మ మాట."

అందరూ హాల్లోకి నడిచారు. ఇంజనీరమ్మాయి నిచ్చెనెక్కి ఎడమ గోడకున్న గుడ్డ పలక ఊడదీసింది. ఇన్నేళ్ళ దుమ్ము డాక్టరు తెల్లచొక్కా మీద పడింది. లోపల, ఎడమ గోడ స్పీకర్లన్నిటికీ పోవలసిన వైరు దేనికీ తగలకుండా వేలాడుతోంది. దాని కొసకు పసుపుపచ్చ టేపు, టేపు మీద పెన్నుతో రాసిన అక్షరాలు. ఇంజనీరమ్మాయి పైనుంచి చదివింది: "రేపు కలపాలి."

ఆ గుండ్రటి అక్షరాలు ఎవరివో చెప్పనక్కర్లేదు. గీతల కాగితాల మీద అవే ఉన్నాయి. టేపు మీద తేదీ కూడా ఉంది.

"నాన్నా, అది నేను పుట్టిన రోజు" అంది కూతురు.

ఆపరేటర్‌గారికి గుర్తొచ్చింది. నొప్పులొస్తున్నాయని కబురు రాగానే నిచ్చెన దిగి ఆసుపత్రికి పరుగెత్తాడు. ఇరవై ఎనిమిదేళ్ళయింది. ఆ రేపు రాలేదు.

"మరి మీ అమ్మ?" అన్నాడు. "ఆ చెయ్యి?"

కూతురు ఖాళీ సీటు మీద చెయ్యి వేసింది. "చుక్క తెర మీద పడగానే అమ్మ గొణుక్కుంటూ లెక్కపెట్టేది నాన్నా. ఏడు అనగానే చెయ్యెత్తేది. నేను ఒళ్ళో కూర్చుని, అదేదో ఆట అనుకునేదాన్ని. కొంచెం పెద్దయ్యాక అడిగాను, 'నీకు వినపడిందా అమ్మా?' అని."

"ఏమంది?"

"'మీ నాన్న అంత కష్టపడి బిగించాడు, వినపడకపోతే ఎలా?' అంది."

మేనేజరు కూడా గెలిచినట్టు మొహం పెట్టలేదు.

ఆపరేటర్‌గారు ఉపన్యాసాన్ని రెండుగా చింపాడు. "ఇరవై రెండేళ్ళు! నాకే చెప్పలేదు! ఒక్కమాట అంటే అరగంట పని!" అని ఖాళీ సీటు మీద విరుచుకుపడ్డాడు. తలుపు వైపు నాలుగడుగులు వేశాడు కూడా.

"అయ్యా, కలిపేశాను" అంది ఇంజనీరమ్మాయి నిచ్చెన మీదనుంచి. "కానీ పైన గదిలో ఉంటే నాకూ వినపడదు. మీరు కూర్చుని చెప్పాలి."

ఆయన వెనక్కి వచ్చి కూర్చున్నాడు. ఇంజనీరమ్మాయి పైన గదిలోకి పరుగెత్తింది. దీపాలు ఆరాయి. చుక్క తెర మీద టప్పుమని పడింది. పెదవులు కదుపుతూ ఆయన లెక్కపెట్టాడు. చుక్క గోడ మీద జరజరా జారుతూ వచ్చి, సరిగ్గా చెవి పక్కనుంచి వెనక్కి పోయింది. ఆయన చెయ్యెత్తాడు. పైన కిటికీలో ఇంజనీరమ్మాయి తలూపింది.

దీపాలు వెలిగేదాకా ఆ చెయ్యి అలాగే ఉంది. తర్వాత ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, కూతురి వైపు కోపంగా చూశాడు.

"ఏడు కాదు, ఎనిమిది" అన్నాడు. "మీ అమ్మ అన్నేళ్ళూ ఒక అంకె ముందే ఎత్తింది."