రూబీకి వచ్చిన ప్రమోషన్

తీవ్రమైన శారీరక వైకల్యం ఉన్న చక్రాల కుర్చీ క్రీడాకారులను వర్గాలుగా విభజించే బాధ్యతను ఈ ఏటి నుంచి రాయదుర్గం మెట్రో స్టేషను దగ్గరి అద్దాల భవనంలోని ఒక కంపెనీ స్వీకరించిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. కంపెనీ పేరు అడగకండి. పక్క భవనానికీ అద్దాలే. దాని పేరు చెప్పినా మీరు నమ్మేస్తారు.

ఇంతకు ముందు ఈ పని ఒక డాక్టరు, ఒక ఫిజియోథెరపిస్టు, ఆట తెలిసిన ఒక మనిషి కలిసి చేసేవారు. కండరం ఎంత కదులుతుంది, నడుము ఎంతసేపు నిలుస్తుంది, వేళ్లు బంతిని పట్టుకుంటాయా, పట్టుకున్నా వదలగలుగుతాయా అని నొక్కి చూసేవారు. తర్వాత ఆటలో కూడా చూసి, ఎవరు ఎవరితో ఆడాలో తేల్చేవారు. పాత పద్ధతి. అందులో మనుషుల్ని ముట్టుకోవలసి వస్తుంది. కంపెనీవారికి మనుషుల్ని ముట్టుకోకుండానే వర్గాలు చెయ్యడంలో మంచి అనుభవం ఉంది. ఏటా మార్చిలో తమ ఉద్యోగులందరినీ అలాగే విడదీస్తారు, కొందరిని ఇంటికి కూడా పంపిస్తారు. హాలు వాళ్లది, టోపీలు వాళ్లవి, భోజనాలు వాళ్లవి. వర్గీకరణ కమిటీలో కూడా మేమే కూర్చుంటామంటే క్రీడా సంఘంవారు కాదనలేదు. కాదందామంటే సంఘానికి ఇంకో హాలు లేదు.

ఆ కమిటీ ముందుకు బోరబండ నుంచి రూబీ వచ్చింది.

రూబీకి పుట్టుకతోనే చేతులూ కాళ్లూ మాట వినవు. మెడ వింటుంది. నోరు మరీ ఎక్కువగా వింటుందని ఆమె తల్లి సువార్తమ్మ ఫిర్యాదు. రూబీ ఆడేది బోచా. దూరంగా తెల్లబంతి ఒకటి ఉంటుంది, తోలు బంతుల్ని దాని దగ్గరికి చేర్చాలి, ఎవరి బంతి దగ్గరుంటే వాళ్లది గెలుపు. చెయ్యి ఆడేవాళ్లు విసురుతారు. రూబీలాంటివాళ్లకి ర్యాంపు ఇస్తారు. దాని మీద బంతి పెడితే, నుదుటికి కట్టుకున్న పుల్లతో రూబీ దాన్ని వదులుతుంది. ర్యాంపును అటూ ఇటూ జరపడానికి ఒక సహాయకుడు ఉంటాడు. అతడు ఆటగాడి ఎదురుగా, ఆటకి వీపు పెట్టి కూర్చోవాలి. వెనక్కి తిరిగి చూడకూడదు. సలహా చెప్పకూడదు. చెప్పినంత మాత్రమే జరపాలి. రూబీకి ఆ పని చేసేది పక్కింటి ఎల్లేశం. ట్రాలీ ఆటో నడుపుతాడు. రూబీని, కుర్చీని, ర్యాంపును ఆ ట్రాలీలోనే ఎక్కించుకుని వస్తాడు.

ఈసారి జాతీయ పోటీలకి మన రాష్ట్రం నుంచి ర్యాంపు వర్గంలో ఒక్కరే వెళతారు. ఆ ఒక్కరూ తనే కావాలని రూబీ పట్టుదల. వానలో కూడా చర్చి వెనక రేకుల షెడ్డులో బంతులు దొర్లించి దొర్లించి, నుదుటి మీద పుల్ల కట్టు మచ్చ పడింది.

భవనం దగ్గర ఘనస్వాగతం లభించింది. చక్రాల కుర్చీల కోసం గుమ్మం పక్కన చక్కటి వాలుదారి ఉంది. క్రీడాకారుల గౌరవార్థం దాని మీద పూలతో పెద్ద ముగ్గు వేసి, మధ్యలో స్వాగతం అని రాశారు. అందుకని దాని మీదుగా ఎవరినీ పోనివ్వలేదు. కుర్చీలన్నిటినీ వెనకవైపు సామాన్ల లిఫ్టులో పైకి పంపించారు. అదే లిఫ్టులో వంకాయలు కూడా వచ్చాయి.

"ముగ్గు మంచిగున్నది బిడ్డా," అన్నాడు ఎల్లేశం. "మనకోసమే ఏసిండ్రంట."

"ఫోటో తీస్కో కాకా," అంది రూబీ. "దగ్గరికెట్లాగూ పోనియ్యరు."

కమిటీ అధ్యక్షుడు శివశంకర్ మానవ వనరుల విభాగానికి పెద్ద. ఎవరితో మాట్లాడినా ముందు వాళ్ల మొదటి పేరు మూడుసార్లు అంటే వాళ్లకి ఆత్మవిశ్వాసం పెరుగుతుందని ఆయన ఎక్కడో నేర్చుకున్నాడు. పక్కన జ్యోత్స్న అనే మేనేజరు లాప్‌టాప్ ముందు కూర్చుంది.

"రూబీ, రూబీ, రూబీ. మీ బలాలేమిటో చెప్పండి."

"మెడ సార్."

జ్యోత్స్న రాసుకుంది.

"మెరుగుపరుచుకోవలసిన అంశాలు?"

"మెడ తప్ప అన్నీ."

"చూశారా, ఎంత నిజాయితీ," అన్నాడు శివశంకర్. దానికి కొన్ని మార్కులు పడ్డాయి. "అయిదేళ్ల తర్వాత మిమ్మల్ని మీరు ఎక్కడ చూసుకుంటున్నారు?"

"ఈ కుర్చీలనే సార్. కొత్తదిస్తే దాంట్ల."

నవ్వుతూ చెప్పినందుకు సానుకూల దృక్పథం కింద ఇంకొన్ని పడ్డాయి. దూరవిద్యలో బి.కాం. చదివినందుకు కొన్ని. నోట్లో పుల్ల పెట్టుకుని ఇంట్లోంచే కంప్యూటరు పని చేస్తున్నందుకు మరికొన్ని. తల దువ్వుకుని వచ్చినందుకు కూడా పడ్డాయి, దువ్వింది సువార్తమ్మ అయినా సరే. చివరికి చెయ్యి ఎత్తమన్నారు. లేవలేదు.

"ఒక్కసారి ప్రయత్నించండి," అన్నాడు శివశంకర్.

"పుట్టినకాంచి అదే పని మీదున్న సార్."

"అద్భుతం," అన్నాడాయన. జ్యోత్స్న ప్రయత్నం అన్న గడిలో పూర్తి మార్కులు వేసింది.

ఇలా ఎవరికి బతకడం ఎంత బాగా వచ్చో కమిటీ కొలిచింది. బతకడం బాగా వచ్చినవాళ్లకి వైకల్యం తక్కువని తేలింది. కొత్తగూడ నుంచి వచ్చిన ఓంకార్‌కి ఆ రోజు జలుబు. ఏమడిగినా ముక్కు ఎగబీల్చాడు, ఒక్కసారీ నవ్వలేదు. అతని మార్కులు ఆశాజనకంగా పడిపోయాయి.

అయినా ర్యాంపుతో ఆడేవాళ్లందరిదీ తీవ్ర వైకల్యమే కదా అని మీకు అనుమానం రావచ్చు. కమిటీకీ వచ్చింది. కానీ కంపెనీలో బెల్ కర్వ్ అనే గీత ఒకటుంది, గంట బోర్లించినట్టుంటుంది. ఏ గుంపునైనా దాని కిందికి తోస్తే ఒక చివర కొద్దిమంది, ఇంకో చివర కొద్దిమంది, మధ్యలో మిగతావాళ్లు రావాలి. అందరూ బాగా పనిచేశారంటే ఆ గీత ఒప్పుకోదు. అందరికీ చేతులు లేవవంటే మాత్రం ఎందుకు ఒప్పుకుంటుంది? ఆ గీత ప్రకారం తీవ్ర వైకల్యం ఖాళీ ఒక్కటే. అది ఓంకార్‌కి దక్కింది. అవతలి చివర రూబీ ఉంది.

ఫలితాలు ఆట హాలులోనే ప్రకటించారు. ఉద్యోగులందరినీ కింది అంతస్తుల నుంచి పిలిపించి, ఆటగాళ్ల వెనకాల కుర్చీల్లో కూర్చోబెట్టారు. ఆటగాళ్ల ముఖాలు కెమెరాకి, వీపులు జనానికి. సహాయకులు మాత్రం ఆటగాళ్ల ఎదురుగా, ముఖం జనం వైపు పెట్టి కూర్చున్నారు.

"చెప్పడానికి గర్వపడుతున్నాను," అన్నాడు శివశంకర్ మైకులో. "మన రూబీకి ప్రమోషన్ వచ్చింది. ర్యాంపు వర్గం నుంచి చేతితో విసిరే వర్గానికి."

చప్పట్లు మోగాయి. కేకు వచ్చింది. దాని మీద రూబీ పేరు ఉంది. కత్తి ఆమె చేతిలో పెట్టబోయి, పట్టుకునేవాళ్లు లేక, శివశంకరే కోశాడు.

సువార్తమ్మ కళ్లు ఒత్తుకుంది. ఆవిడ ఒక దవాఖానలో ఆయా. వాళ్లది గుంటూరు వైపు. "మూడు శుక్రవారాలు ఉపవాసం ఉన్నానే," అంది కూతురి చెవిలో. "ప్రభువు విన్నాడు. పాస్టరుగారికి చెప్పాలి. ఆదివారం చర్చిలో సాక్ష్యం ఇద్దాం."

"ఏం సాక్ష్యమమ్మా? నా చెయ్యి లేవలేదు."

"లేవలేదని నువ్వంటున్నావు. ఇంత చదువుకున్నోళ్లు లేచిందంటున్నారుగా."

"లేస్తే ర్యాంపు తీస్కుంటరు. ఎల్లేశం కాకని పంపిస్తరు. ఒడిల బంతి పెట్టి విసురు అంటరు. నేనేం చెయ్యాలె, బంతికి ప్రార్థన చెయ్యాల్నా?"

సువార్తమ్మ ఒక్క క్షణం ఆలోచించింది. "అయితే ఈ ప్రమోషను మనకొద్దండి అని చెప్పమ్మా," అంది, కేకు ముక్క సంచిలో దాచుకుంటూ.

చెప్పే అవకాశం వెంటనే వచ్చింది. కంపెనీ ప్రజాస్వామ్యానికి కట్టుబడి ఉంది.

"ఈ వర్గీకరణ మీద ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెయ్యి ఎత్తండి," అన్నాడు శివశంకర్.

రూబీ కేకేసింది. "సార్, నాకున్నది."

"దయచేసి పద్ధతి పాటిద్దాం. చెయ్యి ఎత్తితేనే నమోదవుతుంది."

ఎల్లేశం గొంతు తగ్గించి అన్నాడు: "బిడ్డా, ఎత్తకపోతే నీకు ఫికర్ లేదని రాసుకుంటరు. ఎత్తినవనుకో, ఎత్తినవు గదా అని రాసుకుంటరు. మంచి బందోబస్తుగ పెట్టిండ్రు."

నేనెత్తుతానని ఎల్లేశం ఎత్తాడు. సహాయకులు ఆటగాళ్ల తరఫున ఏమీ చెప్పకూడదని రూల్ చదివి దింపించారు. సువార్తమ్మ ఎత్తింది. కుటుంబ సభ్యులు పక్షపాతులని దింపించారు. తర్వాత కమిటీ హాలంతా కలియజూసింది. అభ్యంతరాలు లేవని, ఏకగ్రీవమని జ్యోత్స్న నమోదు చేసింది.

సంఘం మనుషులు రూబీ ముందునుంచి ర్యాంపు ఎత్తుతున్నారు. మెడకి చెమట పట్టింది. జాతీయ పోటీలు, రైలు ప్రయాణం, ఊళ్లో తన పేరు బోర్డు, అన్నీ ఆ ర్యాంపుతో పాటు లేచిపోతున్నాయి. ఏడిస్తే ఓంకార్‌లాగా తనకీ ఖాళీ దొరుకుతుందేమో అనిపించింది. ఖాళీ ఒక్కటే అని గుర్తొచ్చి మానేసింది.

"సార్," అంది. "ప్రమోషన్ ఇచ్చిండ్రు. సంతోషం. ఒక్క మాట అడగొచ్చా?"

"తప్పకుండా, రూబీ."

"మీకు ప్రమోషన్లు చానా అయి ఉంటయి. ఇప్పుడు మీరు చేతులతోటి పని చేస్తరా?"

శివశంకర్ నవ్వాడు. "నేనెందుకు చేస్తానమ్మా? చెబుతాను. చేసేవాళ్లు చేస్తారు."

"చేసేటోళ్లకి పని ఏడికి పోతదో తెలుస్తదా?"

"అవసరమైనంత వరకే."

"నేను గదే అంటున్న సార్. నన్ను పైకెక్కించి, నా కింద మనిషిని తీసేస్తరేంది? నేను కూసుంట. కుడికి అంట, ఎడమకి అంట. ఎల్లేశం కాక జరుపుతడు. ఆటకి ఈపు పెట్టి కూసుంటడు. బంతి ఏడికి పోయిందో ఆయనకి తెల్వదు. తిరిగి చూస్తే తప్పు. గెలిస్తే పేరు నాది. గిట్లుంటే గదా ప్రమోషన్."

హాలు కదిలింది. మొదటి వరసలో ఒక టీమ్ లీడరు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఇన్నేళ్లుగా తను ఆడుతున్న ఆట పేరేమిటో అతనికి ఆ రోజే తెలిసింది.

శివశంకర్ లేచి నిలబడ్డాడు. ఆయన ముఖంలో నిజమైన వెలుగు కనిపించింది.

"మిత్రులారా, ఇరవై ఏళ్లుగా నేను నాయకత్వం మీద తరగతులు చెబుతున్నాను. ఇంత స్పష్టంగా నాకు కూడా ఎప్పుడూ చెప్పడం రాలేదు. కదలకుండా కూర్చోవడం, దిశ నిర్దేశించడం, కింది మనిషి మీద సంపూర్ణ విశ్వాసం ఉంచడం, అతడికి ఏమీ చూపించకపోవడం. ఈ అమ్మాయిని మనం చేతిపనికి పంపబోయాం. ఎంత పొరపాటు."

కమిటీ అక్కడికక్కడే రూబీ కోసం నాయకత్వ వర్గం అనే కొత్త వర్గాన్ని సృష్టించింది. సదరు వర్గం వారికి ఒక ర్యాంపు, ఒక మనిషి ఇవ్వబడును. ఓంకార్ ముక్కు ఎగబీల్చి, "అయితే నేనెవరితోటి ఆడాలె?" అని అడిగాడు. తీవ్ర వైకల్యానికీ నాయకత్వానికీ పరికరాలు ఒకటే కనుక ఈ రెండు వర్గాలూ ఇకమీదట ఒకే వర్గంగా ఆడవచ్చునని కమిటీ తీర్మానించింది. ఈ తీర్మానంలో తేడాగా ఏదైనా ఉందని ఎవరికీ తోచలేదు. శివశంకరే సంతకం పెట్టాడు.

జాతీయ పోటీలకి ఎవరు వెళ్లాలో తేల్చే ఆట మొదలైంది. జలుబున్నా ఓంకార్ మంచి ఆటగాడు. అతని ఎర్రబంతి తెల్లబంతికి ఆనుకుని కూర్చుంది. రూబీకి ఒకే ఒక నీలంబంతి మిగిలింది.

"ఎడమకి కాకా. ఇంకా. ఇంకా. ఆగు. జర ఎనకకి. అబ్బ, జర అన్న. ట్రాలీ రివర్సు చేస్తున్నవా?"

ఎల్లేశం రూబీ మొహం వైపే చూస్తూ వెంట్రుకవాసి జరిపాడు. రూబీ మెడ వంచి, పుల్లతో బంతిని వదిలింది. అది తాపీగా దొర్లి, ఎర్రబంతిని భుజంతో పక్కకి నెట్టి, తెల్లబంతిని ముద్దు పెట్టుకున్నట్టు ఆగింది.

హాలు మొత్తం లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. కొందరు చేతులు తలపైకెత్తి కొట్టారు. కొందరు ఒక చేత్తో ఫోను పట్టుకుని ఇంకో చేత్తో తొడ మీద కొట్టారు. శివశంకర్ ఓంకార్ భుజం తట్టి, వచ్చే ఏడు అతనికీ ప్రమోషన్ ఇప్పిస్తానని మాట ఇచ్చాడు. ఓంకార్ భయంగా చూశాడు. సువార్తమ్మ పాస్టరుగారికి ఫోను చేసి, చెయ్యి లేవలేదండి, అందుకే గెలిచిందండి, ఇది సాక్ష్యం కిందికి వస్తుందాండి అని అడిగింది.

మళ్లీ సామాన్ల లిఫ్టే. ఈసారి ఖాళీ గిన్నెలు తోడొచ్చాయి. ట్రాలీలో రూబీ కుర్చీకి తాడు కడుతూ ఎల్లేశం అన్నాడు: "గెలిచినవంటున్నరు అందరు. నేనేం చూసిన? ఎప్పుడు గింతే. నువ్వు ఆట చూస్తవు, నేను నీ మొఖం చూస్త, నీ ఎనక జనాన్ని చూస్త."

"ఏం కనబడ్డది కాకా?"

"ఇందాక ఆ సారు చేతులెత్తుండ్రి అన్నడు చూడు, అప్పుడు మంచిగ చూసిన. ఇంత పెద్ద హాలు. మీ ర్యాంపు ఆడేటోళ్లకి లేవయి, సరే, దేవుడు రాసిండు. మిగిలినోళ్లవి జేబుల్ల ఉన్నయి, ఫోన్ల మీద ఉన్నయి, కేకు ప్లేటు కింద ఉన్నయి. ఒక్కటి లేవలే. నాకు పరేషాన్ అయింది. ఏందిరా, అందరికి ఒకటే బీమారి అంటుకున్నదా అని."

"మరి చప్పట్లకి?"

"చప్పట్లకి మంచిగనే లేచినయి బిడ్డా."

ట్రాలీ భవనం ముందువైపుకి తిరిగింది. వాలుదారి మీద ముగ్గు ఒక్క రేకు కూడా చెదరకుండా ఉంది.

"అయితే వాళ్లది ఏ వర్గం కాకా?"

"గది కమిటీ చెప్పాలె," అన్నాడు ఎల్లేశం, గేరు మారుస్తూ.

కమిటీ ఇంతవరకు చెప్పలేదు. అడిగినవాళ్లు కూడా లేరు. ఇంతసేపూ ఈ పేజీని పట్టుకున్న మీ చెయ్యి మాత్రం, చూడబోతే, బాగానే ఉన్నట్టుంది.