దత్తపుత్రుల విభాగం

ఎంతటి ఉపద్రవాన్నైనా సరైన ఫారంలో నింపితే బంధుత్వమైపోతుందని కాన్‌స్టాంటినోపుల్ ఏనాడో కనిపెట్టింది. అందుకే జెరూసలేం గెలుస్తామంటూ పడమటి నుంచి కత్తులతో దిగిన ఫ్రాంకు దొరలను అక్కడి రోమన్ చక్రవర్తిగారు వరసగా దత్తత తీసుకోసాగారు. (కొడుకు సొంతిల్లు దోచుకోడని మంత్రుల సభ తీర్మానం. ఆ సభలో ఎవరికీ కొడుకులు లేరు.)

దత్తపుత్రుల విభాగంలో గుమాస్తా యూస్ట్రాటియోస్. పన్నెండేళ్ల కిందట తురుష్కులు పట్టుకున్న మెలిత్రా ఊళ్లో అతను కట్టుకున్న ఇల్లుంది, పెరట్లో దానిమ్మ చెట్టుంది. ఆ ఇంటి తాళంచెవి ఇంకా మొలలోనే ఉంటుంది. గెలిచిన సామ్రాజ్యపు పాత ఊళ్లన్నీ తండ్రిగారికి అప్పగించాలన్న మూడో నిబంధన దత్తత ప్రమాణపత్రంలోకి ఎక్కించింది అతనే. ఇల్లు దక్కాలంటే అతనికి ఉన్న ఆశ ఆ ఒక్క వాక్యమే.

ఆ ఫ్రాంకుల్లో ఓడార్డ్ దొర ప్రమాణానికి మోకాలు వంచనన్నాడు. ఎవరూ బతిమాలలేదు. ఆచారం ప్రకారం అతని శిబిరానికి రొట్టెలమ్మే సంత మూసేశారు. మూడో రోజుకి దొరగారికి పితృభక్తి పుట్టుకొచ్చింది.

"తండ్రి పేరు దగ్గర చక్రవర్తిగారి పేరు రాయండి దొరగారూ," అన్నాడు యూస్ట్రాటియోస్.

"మరి మా నాన్న?"

"అభ్యంతరం లేదని ఆయన దగ్గర కాగితం తెచ్చారా?"

"చచ్చిపోయాడయ్యా."

"అయితే అభ్యంతరం లేనట్టే. రాసుకుంటాను."

ఏడాది తిరిగేసరికి ఓడార్డ్ మెలిత్రా గెలిచాడు. ఊరు స్వాధీనం చేసుకునే పత్రం మూడు ప్రతులతో యూస్ట్రాటియోస్ ఆశగా అక్కడికి వెళ్లాడు. కోటగుమ్మం తెరవలేదు. దొర గోడమీదికొచ్చి, దానిమ్మకాయ ఒలుచుకుంటూ మాట్లాడాడు. ఆ కాయ ఏ చెట్టుదో గుమాస్తాకు చూడగానే తెలిసిపోయింది.

"ఊరు కొడుకు దగ్గరుంటే తండ్రి దగ్గరున్నట్టే కదయ్యా. కొడుకునని రాసింది నువ్వేగా."

ఇల్లు అడిగితే, ఊళ్లోకి రావాలంటే తనకు కొడుకుగా ప్రమాణం చేయాలన్నాడు. యూస్ట్రాటియోస్ రోమన్ పౌరుడు; ఒక ఫ్రాంకుకు మోకాలు వంచనన్నాడు. ఎవరూ బతిమాలలేదు. గుమ్మం బయటి రొట్టెల కొట్టు మాత్రం మూసేశారు.

మూడో రోజున అతను మోకాళ్లమీద కూర్చుని కాగితం అందుకున్నాడు. అది తను తయారుచేసిన ఫారమే, ఒక్క అక్షరం మార్చలేదు. రెండుసార్లు చదివాడు, తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు. తండ్రి పేరు దగ్గర ఓడార్డ్ అని గుండ్రటి దస్తూరీతో రాశాడు.

చనిపోయిన అతని సొంత తండ్రికి అభ్యంతరం లేదని దాని కింద అప్పటికే రాసుంది.